తొట్టెలో మెతుకులు

సత్యప్రసాద్ మాస్టారు బడి నుంచి వచ్చి మెట్లెక్కుతున్నప్పుడు, తమ అంతస్తు మలుపు దగ్గర ఒకసారి దగ్గుతాడు. జలుబుండి కాదు. పెళ్ళయిన నాటి నుంచీ ఉన్న అలవాటది. ఆ దగ్గు వినగానే ముందుగదిలో కూర్చున్న అత్తగారు సన్యాసమ్మ లేచి, కొంగు సర్దుకుని వంటగదిలోకి వెళ్ళిపోతుంది. అత్తగారు అల్లుడి ఎదట నిలబడకూడదు, మొహం చూసి మాట్లాడకూడదు. అది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డున ఆవిడ పుట్టిన ఊరి మర్యాద. పెళ్ళయి, స్టీలు కార్ఖానాలో పనిచేసే తవిటయ్య వెంట జంషెడ్‌పూర్ వచ్చినప్పుడు ఆ మర్యాదను కూడా ఆవిడ మూట కట్టుకుని తెచ్చుకుంది. తవిటయ్య రిటైరయ్యాక బారిడీహ్‌లో ఈ ఫ్లాటు కొన్నాడు. కొన్న మరుసటేడే పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు సౌజన్య. అందుకని అల్లుడే కాసిడీహ్‌లో తన అద్దె గది ఖాళీ చేసి ఈ ఇంటికి వచ్చాడు.

అత్తకీ అల్లుడికీ మధ్య మాటలన్నీ సౌజన్య మోసేది. "అమ్మా, ఆయనకి చారు పల్చగా కావాలంట." "ఏవండీ, అమ్మకి కళ్ళ చుక్కలు అయిపోయాయంట." ఒకే గదికి ఇటొకరూ అటొకరూ ఉండి, ఒకరి మాట ఒకరికి నిక్షేపంగా వినబడుతున్నా సరే, ఆమె మళ్ళీ చెప్పేది. "మీ ఇద్దరూ కలిసి నాకు పోస్టుమేన్ జీతం ఇవ్వాలి. పెన్షన్‌తో సహా," అని నవ్వేది.

మొన్నటి వానల్లో డెంగ్యూ వచ్చి సౌజన్య పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు.

ఆ తరవాత ఆ ఇంట్లో అత్తా అల్లుడూ మిగిలారు. మాట మోసేవాళ్ళు లేరు. కొన్నాళ్ళు ఇద్దరూ మాటే లేకుండా గడిపారు. అలా ఎన్నాళ్ళో సాగదు గనక, గాలితో మాట్లాడటం నేర్చుకున్నారు. "అన్నం వడ్డించీసినాను," అని సన్యాసమ్మ తలుపుతో చెబుతుంది. "రేపు బడి మధ్యాహ్నం దాకానే," అని సత్యప్రసాద్ న్యూస్‌పేపరుతో చెబుతాడు. అవసరానికి అది చాలేది. అవసరం దాటిన మాట ఏదైనా ఉంటే ఎవరి దగ్గర ఉన్నది వాళ్ళ దగ్గరే ఉండిపోయేది.

ముందుగదిలో గోడ పొడుగునా ఒక గాజుతొట్టె ఉంది. సౌజన్యది. ఆమె రక్తపరీక్షల లేబ్‌లో పనిచేసేది. చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో సెలవుల్లో చూసిన సముద్రం ఆమె మనసులోంచి పోలేదు. ఈ ఊళ్ళో నదులు రెండున్నాయి గానీ సముద్రం లేదు. కలకత్తా నుంచి ఉప్పుపొడి బస్తా తెప్పించి, వడకట్టిన నీళ్ళలో కలిపి, ఆ ఉప్పు పాళ్ళు సరిగ్గా కుదిరేదాకా రోజుల తరబడి ఎదురుచూసి, ఇంట్లోనే ఒక ముక్క సముద్రం పెట్టుకుంది. అందులో నారింజరంగు మీద తెల్లచారలున్న చేపలు రెండు. వాటిని జోడీ అనేది. పెద్దది ఆడది, చిన్నది మగది. నడుమ రాయి మీద ఎనిమోన్ అనే జీవి ఒకటి. చూడటానికి పువ్వులా ఉంటుంది. వేళ్ళలాంటి రేకలు నీటిలో మెల్లగా ఊగుతాయి. జోడీ ఆ రేకల మధ్య దూరి పడుకునేవి. ఇంట్లో అందరూ దాన్ని పువ్వు అనే పిలిచేవారు. సన్యాసమ్మ కూడా.

"అది బెంగ పెట్టుకుంటే ముడుచుకుపోతుంది. అప్పుడు ఏం చేసినా తిరిగి విచ్చుకోదు," అని సౌజన్య ఒకసారి చెప్పింది. చేపల కన్నా దాన్ని చూసే భయపడేది. జ్వరం వచ్చాక కూడా గోడ పట్టుకుని వచ్చి, తొట్టెలో చెయ్యి పెట్టి దాని చుట్టూ రాయి తుడిచింది. సత్యప్రసాద్‌కి గుర్తున్నంతలో ఈ ఇంట్లో ఆమె చేసిన ఆఖరి పని అదే.

అందుకే అతనికి ఇప్పుడు ఈ ఇంట్లో బతికించుకోవలసినది అంటూ ఒకటుంటే అది ఆ పువ్వు. పైకి ఎవరితోనూ అనలేదు.

దినాలు అయిన నెలకే తొట్టెలో నాచు మొదలయింది. మొదట రాళ్ళ అంచున పసుపు కలిసిన ఆకుపచ్చ నూగు. తరవాత జుట్టులా సాగింది. వేలికి చుట్టుకుని లాగితే పోగులు పోగులుగా వచ్చేది. వచ్చినంతా తీసి గిన్నెలో వేస్తే మళ్ళీ ఆదివారానికి అంతే ఉండేది. నాచు పువ్వు పాదం దాకా పాకింది. పువ్వు రేకలు కురచబడ్డాయి.

సత్యప్రసాద్ సైన్సు మాస్టారు. పొలాల ఎరువు కొట్టుకొచ్చి పడ్డ చెరువులో నాచు ఎందుకు బలిసిపోతుందో ఏటా ఎనిమిదో తరగతికి బోర్డు మీద బొమ్మ వేసి చెబుతాడు. నీటిలో కుళ్ళిన తిండి, పైన వెలుగు. రెండూ ఉంటే నాచుకి వేరే ఏమీ అక్కర్లేదు. కాబట్టి రెండూ తగ్గించాడు. దీపం వెలిగే గంటలు కుదించాడు. చేపలకు రోజు విడిచి రోజు చిటికెడు మేత మాత్రం వేశాడు. పాత టూత్‌బ్రష్‌తో రాళ్ళు తోమి, సన్న గొట్టంతో ఆ మురికి లాగి పారబోశాడు. సాక్చి బజారులో చేపల దుకాణం నడిపే సూరజ్ దగ్గర ముదురు ఎరుపు గుళికలు కొని ఫిల్టర్‌లో వేశాడు. అవి ఒక రకం ఇనుప తుప్పు. నీటిలో నాచుని పెంచే ఫాస్ఫేట్‌ని పట్టి ఉంచుతాయట. ఇనుము కరిగించే ఊళ్ళో తుప్పు కొనుక్కోవలసి వచ్చిందని సౌజన్య ఉంటే నవ్వేది.

ఏమి చేసినా, పరీక్ష గొట్టంలో చుక్కలు వేసి చూస్తే నీలం రంగు ముదురుగానే తేలేది, ఫాస్ఫేట్ తగ్గలేదని. పైగా నీటి మీద నూనె జిడ్డులా ఒక పొర. వంటగది తాలింపు ఆవిరి పడుతోందేమో అనుకుని తొట్టె మీదికి గాజు పలక జరిపాడు. అయినా పొర పోలేదు.

సూరజ్ దుకాణంలో తలకిందులుగా వేలాడదీసిన వలలు సర్దుతూ అతను చెప్పిందంతా విన్నాడు. నాచు గాల్లోంచి రాదు, లోపలికి ఏదో పోతోంది, మేత ఎక్కువవుతోంది అన్నాడు. "సర్, ఆల్గీ హవా సే నహీ ఆతా. కుఛ్ న కుఛ్ అందర్ జా రహా హై. ఆప్ ఖానా జ్యాదా డాల్ రహే హైఁ."

"మై తో భూఖా రఖ్ రహా హూఁ ఉన్‌కో," అన్నాడు సత్యప్రసాద్. తను వాటిని పస్తే ఉంచుతున్నాడు మరి.

సూరజ్ అతని మొహం ఒకసారి చూసి, ఇంకేమీ వాదించలేదు. మూడు రోజులు తొట్టెకి నల్లబట్ట కప్పి చూడమన్నాడు. వెలుగు లేకపోతే నాచు చస్తుంది. పువ్వు ఆ మాత్రం తట్టుకుంటుంది, అంతకు మించి కష్టం అన్నాడు.

బడిలో ప్రొజెక్టర్ గది కిటికీకి ఒకప్పుడు వాడిన నల్లటి తెర అడిగి తెచ్చాడు. తెచ్చి కప్పుతుంటే కింది ఇంటి జోగమ్మ పైకి వచ్చింది. కిందా పైనా ఉన్న ఇన్నేళ్ళలో ఆవిడ చెప్పులు విడవకుండా లోపలికి రావడం అలవాటు చేసుకుంది. చేతిలో ఉప్పుచేపల కూర గిన్నె.

"ఏటి మాస్టారూ, తొట్టెలో గడ్డి పెంచుతున్నారంట? చెబితే మా మరిది గేదెని తోలుకొద్దును గదా."

"గడ్డి కాదు, నాచు."

"నాచే. గేదెకి ఏటి తెలుస్తాది తేడా." గిన్నె బల్ల మీద పెట్టి, వంటగది వైపు గొంతు పెంచింది. "వదినా, కూర తెచ్చినాను. మీ తమ్ముడు ఫోన్ చేసినాడా? ఊరు రమ్మంటన్నాడు గదా. ఎల్లిపోరాదా? అత్తా అల్లుడూ ఒక్క కప్పు కింద ఎన్నాళ్ళు ఉంటారు, నలుగురూ నాలుగు అంటారు."

"అననీ," అంది సన్యాసమ్మ లోపల్నుంచి. "నా కూతురు ఇక్కడున్నాది. దాన్నొగ్గీసి నానెక్కడికెల్తాను."

జోగమ్మ కళ్ళు తుడుచుకుంది. సత్యప్రసాద్ తెర అంచు తొట్టె కిందికి మడుస్తూ ఉండిపోయాడు. అలాంటి మాటలు ఆవిడ అనడం సహజమే అనుకున్నాడు.

మరునాడు సాయంత్రం చూస్తే తెర ఒక మూల మడత వీడి ఉంది. సరిచేశాడు. ఆ మరునాడూ అంతే. గాలికి అనుకుని ఈసారి బరువుగా రెండు నిఘంటువులు పెట్టాడు.

మూడో రోజు శనివారం. బడి త్వరగా వదిలారు. సూరజ్ దుకాణంలో వడకట్టిన నీళ్ళ డబ్బా నింపించుకుని స్కూటర్ మీద తెచ్చాడు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాడు. ఊపిరి బిగపట్టి ఉన్నాడు గనక మలుపు దగ్గర దగ్గలేదు. తలుపు ఓరగా తీసే ఉంది.

సన్యాసమ్మ తొట్టె ముందు నేల మీద కూర్చుని ఉంది. నిఘంటువులు పక్కన పెట్టి ఉన్నాయి. తెర మూల పైకెత్తి భుజం మీద వేసుకుంది. ఒళ్ళో చిన్న స్టీలు గిన్నె. అందులో పప్పూ నెయ్యీ కలిపిన అన్నం. సౌజన్య చిన్నప్పటి నుంచీ ఇష్టంగా తిన్నది అదే.

"సీకట్లో ఎట్టీసినారమ్మా నిన్ను," అంటోంది ఆవిడ, గాజు అవతల ఆత్రంగా వచ్చి నిలబడ్డ పెద్ద చేపతో. "తెలీక ఎట్టినాడు, కోపం ఎట్టుకోకు. ఆయన మంచోడే. మేత కూడా ఎయ్యటం నేదు, రోజు మార్చి రోజంట. రా, నాను ఎడతాను గదా. ఇంకొక్క ముద్ద. మారాం సెయ్యకు."

వేళ్ళ మధ్య అన్నం నలిపి నీటిలో వదిలింది. చేప రెండు మెతుకులు అందుకుంది. మిగతావి నెమ్మదిగా రాళ్ళ వెనక్కి దిగాయి. నెయ్యి నీటి మీద చిన్న చిన్న వలయాలుగా విడిపోయింది.

సత్యప్రసాద్ డబ్బా చప్పుడు కాకుండా గుమ్మం పక్కన దించాడు. వెనక్కి తిరిగి మెట్లు దిగి, కింద స్కూటర్ల దగ్గర నిలబడ్డాడు.

అతనికి పదో రోజు గుర్తొచ్చింది. సువర్ణరేఖ ఒడ్డున పిండం పెట్టి అందరూ దూరంగా జరిగారు. కాకులు వచ్చాయి. చెట్టు మీద వాలాయి, చుట్టూ తిరిగాయి. ముట్టలేదు. పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు బంధువులు. ఒక్కొక్కరే ముందుకు వచ్చి, మీ అమ్మను చూసుకుంటాం, నీ మొగుణ్ణి చూసుకుంటాం అని ఆ పిండంతో చెప్పారు. ఎండ నడినెత్తికి వచ్చింది. చివరికి పురోహితుడు దర్భతో కాకిని చేసి ముట్టించి కార్యం అయిందనిపించాడు. తిరిగి వస్తున్నప్పుడు ఆటోలో సన్యాసమ్మ ఒక్కటే మాట అంది, ఎవరితోనూ కాదు. "ఆకలితో ఎల్లిపోనాది."

అతను కాసేపటికి పైకి వెళ్ళాడు. మలుపులో దగ్గాడు. లోపలికి వెళ్ళేసరికి ముందుగదిలో ఎవరూ లేరు. తెర సరిగ్గా మడత పెట్టి ఉంది. నిఘంటువులు వాటి చోట ఉన్నాయి.

కాళ్ళు కడుక్కుని వచ్చి తొట్టె ముందు కుర్చీ వేసుకున్నాడు. తెర తీసేశాడు. పువ్వు పిడికిలంత అయింది. నడుమ నోరు తెరుచుకుని ఉంది. అది మంచి గుర్తు కాదని అతనికి తెలుసు.

"తొట్టెలో అన్నం పడుతున్నట్టుంది," అన్నాడు గాజుతో.

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

"అన్నం నీళ్ళల్లో కుళ్ళుతుంది. దాంతో నాచు బలుస్తుంది. నాచు పెరిగితే పువ్వు బతకదు. అది సౌజన్య పువ్వు."

తలుపు వెనక నుంచి గొంతు వచ్చింది. గాలితో మాట్లాడే గొంతు కాదది.

"కాకి ముట్నేదు గదా."

అతను తలుపు వైపు తిరిగాడు.

"ఆ రోజు ఇంటికొచ్చి, ఏటి సెయ్యాలో తెలక, ముద్ద ఆ తొట్టిల ఏసినాను. ఉప్పునీరే గదా, మా ఊరి సముద్రం అనుకున్నాను. ఏసీగానే తినీసింది. ఎదురు సూత్తున్నట్టు తినీసింది. మరింక నాను ఎలాగ ఊరుకుంటాను?"

చెప్పడానికి అతని దగ్గర చాలా ఉంది. నీళ్ళల్లో ఏది పడినా ఆ చేప నోరు పెడుతుంది. కాకులు రాకపోవడానికి ఒడ్డున కాలుతున్న చెత్త పొగ కారణం కావచ్చు. తరగతి గదిలో అయితే రెండు నిమిషాల్లో చెప్పేవాడు. మాటలు నోటి దాకా వచ్చాయి. వాటిని అక్కడే ఆపాడు.

"రోజుకి ఒక్క మెతుకు వెయ్యొచ్చు," అన్నాడు చివరికి. "అంతవరకు తొట్టె తట్టుకుంటుంది."

"ఒక్క మెతుకా బావూ?" అంది సన్యాసమ్మ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అతన్ని పిలిచిన మొదటి పిలుపు అది. "అంత మనిషికి ఒక్క మెతుకు సరిపోద్దా?"

ఆ పూట ఇద్దరి కంచాల్లోనూ అన్నం మిగిలింది.

వేరే తొట్టె కొని, మంచినీళ్ళ చేపలు వేసి, అందులో అన్నం పెట్టుకోమందామా అని ఆలోచించాడు. కాని ఆ రోజు ముద్ద అందుకున్నది ఈ చేప. ఇంకో చేప తింటే సౌజన్య తిన్నట్టు ఆవిడకు కాదు. ఆవిడ వెయ్యడం ఆపదు. ఆపినా, కూతురి ఆకలి చూస్తూ కూర్చుంటుంది. అన్నం పడినంత కాలం పువ్వు ఈ నీళ్ళలో బతకదు. ఎటు తిప్పి చూసినా లెక్క ఒక్కటే తేలుతోంది. చేపో పువ్వో, రెండిట్లో ఒకటి ఇల్లు దాటాలి.

ఆదివారం పొద్దున్న తొట్టెలో మోచేతి దాకా చేతులు పెట్టి, పువ్వు అంటుకున్న రాయిని రాయిగానే పైకి తీశాడు. విడదీస్తే పాదం చిరుగుతుంది. జోడీ అతని వేళ్ళను పొడిచాయి. పెద్ద చేప మణికట్టు దాకా వచ్చి పొడిచింది. నొప్పి పుట్టించేంత నోరు కాదు దానిది. రాయిని అదే నీళ్ళతో బకెట్లో దించి, మూత పెట్టి, స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని సాక్చి వెళ్ళాడు. దారంతా నెమ్మదిగా నడిపాడు.

సూరజ్ మూత తీసి చూసి, అమ్మకానికా అన్నట్టు, "బేచ్ రహే హైఁ సర్?" అన్నాడు.

"నహీఁ. రఖ్ లో. యహాఁ బచ్ జాయేగా." అమ్మకానికి కాదు, ఉంచుకోమన్నాడు సత్యప్రసాద్, ఇక్కడైతే బతుకుతుందని.

సూరజ్ తన పెద్ద తొట్టెలో, దీపం బాగా పడే చోట రాయిని దించాడు. "టాంక్ ఠీక్ హో జాయే తో లే జాఇయేగా," అన్నాడు, తొట్టె బాగుపడ్డాక తీసుకెళ్ళమని. సత్యప్రసాద్ తలూపాడు. ఖాళీ బకెట్ తీసుకుని బయటికి వచ్చాక, బండి స్టార్ట్ చెయ్యడం గుర్తు రానట్టు కొంతసేపు దాని మీద కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి గాలితో అన్నాడు. "ఇక మామూలుగా పెట్టుకోవచ్చు. రాళ్ళ వెనక కాకుండా ముందు వైపు వేస్తే, మిగిలింది నేను తీసేస్తాను."

సన్యాసమ్మ పువ్వు లేకపోవడం అప్పుడే చూసి ఉంటుంది. "పువ్వేదీ?" అంది తలుపు చాటు నుంచి.

"వేరే చోట ఉంది. బతికే ఉంది."

ఆ పూట గిన్నెలో కలిపిన అన్నం గిన్నెలోనే ఉంది. మరునాడు మళ్ళీ పెట్టింది.

అలా రోజులు ఒక తీరుకు వచ్చాయి. పొద్దున్న ఆవిడ ముద్ద వేసి లోపలికి వెళుతుంది. అతను సన్నగొట్టం తెచ్చి, తినగా మిగిలిన మెతుకులు ఒక్కొక్కటే లాగేస్తాడు. లాగినా నీటిలో దిగేది దిగుతూనే ఉంది. నాచు ఒకవైపు పీకుతుంటే ఒకవైపు వస్తోంది. బడికి వెళ్ళేసరికి వేళ్ళు నానిపోయి సుద్దముక్క జారిపోయేది. జోడీ మాత్రం పువ్వున్న చోట ఖాళీ నీటిలో నిలబడి ఉండేవి. చిన్నది ఒక్కోసారి గాజు మూలకు ఒళ్ళు రాసుకునేది. ఆ చోటు చూడకుండా పని చెయ్యడం అతను అలవాటు చేసుకోబోయాడు గానీ కుదరలేదు. సాక్చి వెళ్ళవలసిన పని ఏదైనా ఉంటే సూరజ్ దుకాణం లేని దారిలో వెళ్ళేవాడు.

చలి ముదిరిన ఒక ఉదయం, నీళ్ళు తిరిగి పడే గొట్టం కింద మూలలో నాచు బాగా గుబురుగా ఉండటం చూశాడు. ప్రవాహానికి అది అటూ ఇటూ ఊగుతోంది. చెయ్యి పెట్టి కుదురు దొరకపుచ్చుకుని లాగబోయాడు. అప్పుడు పెద్ద చేప వచ్చింది. అతని వేళ్ళను పొడవలేదు. వాటి పక్కనుంచి ఆ పచ్చటి పోగుల్లోకి దూరింది. ఒళ్ళు అటు రుద్దుకుని, ఇటు రుద్దుకుని, లోపల సర్దుకుంది. ఒకప్పుడు పువ్వులో ఎలా సర్దుకునేదో అలాగే. కొంచెం తటపటాయించి చిన్నది కూడా వెళ్ళింది.

సత్యప్రసాద్ పిడికిలి అలాగే ఉంది. లాగలేదు, వదలలేదు.

"ఆ మూల ఒగ్గీ బావూ," అంది సన్యాసమ్మ. గొంతు దగ్గరగా వినబడింది. ఆవిడ వంటగది గడప ఇవతలకు వచ్చి నిలబడి ఉంది. "అక్కడ తొంగుంటాది."

అతను వేళ్ళు సడలించాడు. చేతికి చుట్టుకుని వచ్చిన నాలుగు పోగులు గిన్నెలో వేశాడు. తొట్టె రెండో కొసకు కుర్చీ జరుపుకుని, అక్కడి రాయి మీద నాచు పీకడం మొదలుపెట్టాడు.